అమ్మానాన్నలతో అలాస్కా క్రూజ్: బుక్ చేసే ముందు తరచుగా అడిగే ప్రశ్నలు

వేసవిలో ఇండియా నుంచి అమ్మానాన్నలో, అత్తమామలో వచ్చినప్పుడు అమెరికాలోని చాలా తెలుగు ఇళ్ళలో అలాస్కా క్రూజ్ మాట వస్తుంది. వెంటనే అందరూ ఏ షిప్, ఏ క్యాబిన్, ఎంత ధర అని చూడటం మొదలుపెడతారు. నా సలహా దీనికి పూర్తిగా తలకిందులు. ముందు అందరి పాస్‌పోర్టులూ బల్ల మీద పెట్టండి. తర్వాత ఇంట్లో అందరికన్నా నెమ్మదిగా నడిచే మనిషి ఎవరో చూడండి. ఈ రెండూ తేలితే మిగతా నిర్ణయాలు చాలావరకు వాటంతట అవే తేలిపోతాయి.

డెబ్బై దాటిన వాళ్ళకి అలాస్కా క్రూజ్ సరిపడుతుందా?

చాలా బాగా సరిపడుతుంది. రోజూ హోటల్ మారే పని లేదు, పెట్టెలు సర్దే పని లేదు, గంటల తరబడి కార్లో కూర్చోవడం లేదు. గ్లేసియర్ బే నేషనల్ పార్క్‌లో షిప్ ఎక్కడా ఆగి దింపదు. మంచు పర్వతాల దగ్గరకి షిప్పే వెళుతుంది, పార్క్ రేంజర్లు షిప్ ఎక్కి మైకులో వివరిస్తారు. మోకాళ్ళ నొప్పులున్న అమ్మ కూడా శాలువా కప్పుకుని కుర్చీలో కూర్చునే ఆ దృశ్యమంతా చూడగలదు. అమెరికాలో పెద్దవాళ్ళకి చూపించగలిగిన వాటిలో ఇంత తక్కువ శ్రమతో ఇంత గొప్ప దృశ్యం ఇంకొకటి ఉందనుకోను.

అయితే అన్ని షిప్పులూ గ్లేసియర్ బేలోకి వెళ్ళవు. రోజుకి రెండు పెద్ద షిప్పులకే అనుమతి. మిగతావి హబ్బర్డ్ గ్లేసియర్‌కో, ఎండికాట్ ఆర్మ్ లాంటి ఇరుకు సముద్రపాయలకో వెళతాయి. అవీ అందమైనవే. కానీ మీ మనసులో ఉన్నది గ్లేసియర్ బే అయితే, బుక్ చేసే ముందు రూట్‌లో ఆ పేరు ఉందో లేదో చూసుకోండి.

సియాటిల్‌లో ఎక్కి సియాటిల్‌లోనే దిగుతాం. మరి కెనడా వీసా ఎందుకు?

అన్నిటికన్నా ముఖ్యమైన ప్రశ్న ఇదే. దీని దగ్గర దెబ్బతిన్న కుటుంబాలు చాలా ఉన్నాయి.

అమెరికాలో 1886 నాటి ఒక చట్టం ఉంది. దాని ప్రకారం విదేశీ జెండాతో తిరిగే ఓడ కేవలం అమెరికా రేవుల మధ్య ప్రయాణికుల్ని తిప్పకూడదు, మధ్యలో ఒక విదేశీ రేవులో ఆగాలి. మనం ఎక్కే పెద్ద క్రూజ్ షిప్పులన్నీ దాదాపుగా బహామాస్, పనామా, బెర్ముడా, నెదర్లాండ్స్ లాంటి చోట్ల రిజిస్టరైనవే. అందుకే సియాటిల్ నుంచి బయల్దేరే అలాస్కా షిప్పులు కెనడాలోని విక్టోరియాలో, చాలాసార్లు చివరి రోజు సాయంత్రం కొన్ని గంటలపాటు ఆగుతాయి.

ఆ కొన్ని గంటల కోసం భారతీయ పాస్‌పోర్టు ఉన్నవాళ్ళకి కెనడా విజిటర్ వీసా కావాలి. అమెరికా వీసా ఉంటే సరిపోదు. "మేం విక్టోరియాలో దిగం, క్యాబిన్‌లోనే ఉంటాం" అన్నా క్రూజ్ కంపెనీలు ఒప్పుకోవు. సియాటిల్ రేవులో చెక్‌ఇన్ దగ్గరే వెనక్కి పంపేస్తారు, కట్టిన డబ్బు తిరిగి రాదు. అమ్మానాన్నల్ని రేవులో వదిలి షిప్ ఎక్కలేక కుటుంబం మొత్తం ఇంటికి తిరిగొస్తుంది.

వీసా ఫీజు మనిషికి 100 కెనడా డాలర్లు, వేలిముద్రలకి మరో 85. అమెరికాలో ఉండగా కూడా అప్లై చేయొచ్చు. కానీ ఎన్ని వారాల్లో వస్తుందో ముందే చెప్పలేం కాబట్టి, పెద్దవాళ్ళు ఇండియాలో ఉండగానే ఆ పని పూర్తి చేయించడం మేలు. వీసా చేతికి రాకముందే రిఫండ్ లేని టికెట్ కొనకండి.

మా ఇంట్లో ఒక్కొక్కరిది ఒక్కో స్టేటస్. ఎవరికి ఏం కావాలి?

తెలుగు ఇళ్ళలో ఇది మామూలే. బీ2, అంటే విజిటర్ వీసా మీద వచ్చిన తల్లిదండ్రులకి భారతీయ పాస్‌పోర్టు, గడువున్న మల్టిపుల్ ఎంట్రీ అమెరికా వీసా, కెనడా వీసా కావాలి. హెచ్1బీ, హెచ్4 వాళ్ళకీ కెనడా వీసా తప్పదు. ఈ సంగతి చాలామంది మర్చిపోతారు. పెద్దవాళ్ళకి వీసా తీసి, తమకి తీసుకోకుండా వచ్చే దంపతులు ఉంటారు.

గ్రీన్‌కార్డు ఉన్నవాళ్ళకి కెనడా వీసా అక్కర్లేదు. గడువున్న పాస్‌పోర్టు, ఒరిజినల్ గ్రీన్‌కార్డు రెండూ చేతిలో ఉండాలి. అమెరికా పౌరులైన పిల్లలు, ఎక్కిన రేవుకే తిరిగొచ్చే ప్రయాణమైతే, బర్త్ సర్టిఫికెట్‌తో వెళ్ళొచ్చు. అయినా పాస్‌పోర్టు తీసుకెళ్ళమనే చెప్తాను. మధ్యలో ఏదో రేవు నుంచి విమానంలో తిరిగి రావలసి వస్తే పాస్‌పోర్టు ఉన్న పిల్లల్ని తీసుకురావడం చాలా సులువు.

తల్లిదండ్రులు లేకుండా తాతయ్య, అమ్మమ్మ మాత్రమే మనవల్ని తీసుకెళుతుంటే నోటరీ చేయించిన అనుమతి పత్రం రాసివ్వండి.

హెచ్1బీ ఉంది కానీ పాస్‌పోర్టులో వీసా స్టాంపింగ్ గడువు అయిపోయింది. వెళ్ళొచ్చా?

కెనడా, మెక్సికోలకి 30 రోజుల లోపు వెళ్ళొచ్చేవాళ్ళకి ఆటోమేటిక్ రీవాలిడేషన్ అనే వెసులుబాటు ఉంది. గడువున్న ఐ-94, అంటే అమెరికాలో ఎప్పటిదాకా ఉండొచ్చో చెప్పే రికార్డు ఉండాలి, అక్కడ ఉండగా కొత్త వీసాకి అప్లై చేసి ఉండకూడదు. రూల్ ప్రకారం అలాస్కా, విక్టోరియా రూట్‌కి ఇది పనికొస్తుంది. బహామాస్, జమైకా లాంటి దీవులకి మాత్రం హెచ్1బీ వాళ్ళకి ఇది వర్తించదు. ఎఫ్1, జే1 వాళ్ళకైతే పక్క దీవుల్లో చాలావాటికి కూడా వర్తిస్తుంది.

చిక్కేమిటంటే, రేవులో మీ కాగితాలు ముందుగా చూసేది క్రూజ్ కంపెనీ ఉద్యోగి. ఆ మనిషికి ఈ రూల్ తెలియకపోతే మీ సెలవు అక్కడే ఆగిపోతుంది. వెళ్ళక తప్పదనుకుంటే కంపెనీ దగ్గర ముందే రాతపూర్వకంగా జవాబు తీసుకోండి, ఇమిగ్రేషన్ లాయర్‌తో మాట్లాడండి. గ్రీన్‌కార్డు ప్రాసెస్ చివరి దశలో ఉన్నవాళ్ళు, అమెరికాలో ఉండే గడువు పొడిగించమని ఐ-539 ఎక్స్‌టెన్షన్ వేసిన తల్లిదండ్రులు లాయర్‌ని అడగకుండా అమెరికా దాటొద్దు.

క్రూజ్‌కి వెళ్ళొస్తే అమ్మానాన్నల ఆరు నెలల గడువు మళ్ళీ మొదటి నుంచి లెక్కేస్తారా?

ఆ ఆశతో టికెట్ కొనకండి. కెనడా లాంటి పక్క దేశానికి నెల లోపు వెళ్ళొస్తే మామూలుగా పాత ఐ-94 గడువే కొనసాగుతుంది. చివరి నిర్ణయం రేవులోని అధికారిది. తిరిగొచ్చాక ఐ-94 ఆన్‌లైన్‌లో తెరిచి తేదీ చూసుకోండి, దాని ప్రకారమే ఇండియా టికెట్ ఉండాలి.

సియాటిలా, వాంకూవరా?

వాంకూవర్ నుంచి వెళ్ళే షిప్పులు ఎక్కువగా దీవుల మాటునే, ఇన్‌సైడ్ పాసేజ్ గుండా పోతాయి. నీళ్ళు ప్రశాంతంగా ఉంటాయి. సియాటిల్ షిప్పులు చాలావరకు వాంకూవర్ ఐలాండ్‌కి పడమటి వైపు, బహిరంగ సముద్రంలోంచి వెళతాయి. ఆ రోజు షిప్ కాస్త ఊగుతుంది. సముద్రం పడదని భయపడే పెద్దవాళ్ళుంటే నేను వాంకూవర్ వైపే మొగ్గుతాను. ఎలాగూ కెనడా వీసా రెండింటికీ కావాలి కదా.

అయితే సియాటిల్‌కి విమానాలు ఎక్కువ, షిప్ ఎక్కే ముందు మరో దేశం ఇమిగ్రేషన్ దాటే పని లేదు. సియాటిల్‌లో పియర్ 66, పియర్ 91 అని రెండు టెర్మినళ్ళు ఉన్నాయి, ఒకదానికొకటి దూరం. మీది ఏదో చూసుకుని క్యాబ్ బుక్ చేయండి.

ఏ నెల మంచిది?

సీజన్ ఏప్రిల్ చివర మొదలై అక్టోబర్ దాకా ఉంటుంది. పిల్లల స్కూలు అడ్డం లేకపోతే నా ఓటు మే నెలకి. వానలు తక్కువ, కొండల మీద మంచు ఇంకా నిండుగా ఉంటుంది, ధరలూ దిగి ఉంటాయి. చలి మాత్రం ఉంటుంది. జూన్ చివరి నుంచి ఆగస్టు వరకు కాస్త వెచ్చన, తిమింగలాలు బాగా కనిపిస్తాయి, రద్దీ ఎక్కువ. సెప్టెంబర్‌లో వానలు, గాలులు పెరుగుతాయి.

ఎప్పుడు బుక్ చేయాలి? చివరి నిమిషంలో చవగ్గా దొరుకుతుందా?

ఒంటరిగా వెళ్ళేవాళ్ళకో, జంటకో దొరకొచ్చు. మూడు తరాల కుటుంబానికి పక్కపక్క క్యాబిన్లు కావాలంటే ఆలస్యం పనికిరాదు. పక్క క్యాబిన్‌లోకి లోపలి నుంచే తలుపు ఉండే కనెక్టింగ్ క్యాబిన్లు, నలుగురు పట్టే క్యాబిన్లు ముందుగా అయిపోతాయి. జనవరి నుంచి మార్చి వరకు కంపెనీలు ఆఫర్లు ఎక్కువగా పెడతాయి. మిగిలిన సొమ్ము మొత్తం కట్టడానికి సాధారణంగా ప్రయాణానికి 75 నుంచి 120 రోజుల ముందు ఒక గడువు ఉంటుంది. డిపాజిట్ తిరిగొచ్చే రకం టికెట్ తీసుకుంటే ఆ గడువు లోపల మానుకోవచ్చు. వీసా ఇంకా తేలని కుటుంబానికి ఈ రకమే సరైంది, కాస్త ఎక్కువైనా సరే. గడువు లోపల ధర తగ్గితే కంపెనీకి ఫోన్ చేసి తగ్గించమని అడగండి, చాలాసార్లు తగ్గిస్తారు.

ప్రకటనలో కనిపించే ధరకీ చివరికి కట్టేదానికీ అంత తేడా ఎందుకు?

ప్రకటనలో ఉండేది ఒక క్యాబిన్‌లో ఇద్దరు ఉంటే ఒక్కొక్కరికి పడే ధర, అదీ కిటికీ లేని లోపలి క్యాబిన్‌కి. దానికి పోర్టు ఫీజులు, పన్నులు కలుస్తాయి. తర్వాత గ్రాట్యుటీ, అంటే సిబ్బంది టిప్పు, మనిషికి రోజుకి సుమారు 16 నుంచి 20 డాలర్లు. రోజుకి 17 చొప్పున వేసుకున్నా నలుగురికి ఏడు రాత్రులకి 476 డాలర్లు. చాలా కంపెనీల్లో పిల్లలకీ ఇంతే. వైఫై వేరు, కూల్‌డ్రింకులు వేరు, స్పెషల్ రెస్టారెంట్లు వేరు.

అలాస్కాలో అన్నిటికన్నా పెద్ద ఖర్చు రేవుల్లో చేసే టూర్లు. హెలికాప్టర్‌లో గ్లేసియర్ మీదకి వెళ్ళే టూరు ఒక్కటే కొన్నిసార్లు క్యాబిన్ ధరతో పోటీ పడుతుంది. అందుకని బడ్జెట్ వేసేటప్పుడు షిప్ ధర చూసి ఆగకండి. విమానాలు, ముందురోజు హోటల్, టూర్లు, టిప్పులు, ఇన్సూరెన్స్ అన్నీ ఒకే కాగితం మీద రాసి కూడండి.

ముగ్గురు, నలుగురు ఒకే క్యాబిన్‌లో ఉంటే మూడో మనిషి, నాలుగో మనిషి టికెట్ తగ్గుతుంది. కానీ పై బెర్తులు గోడకి మడిచే మంచాలు, నిచ్చెన ఎక్కాలి. పిల్లలకి సరదా, పెద్దవాళ్ళకి కాదు.

క్యాబిన్ ఎక్కడ తీసుకోవాలి?

షిప్ మధ్య భాగంలో, కింది డెక్కుల్లో ఊపు తక్కువ. లిఫ్ట్‌కి మరీ దూరం వద్దు. ఈ షిప్పుల్లో కారిడార్లు చాలా పొడవు, భోజనానికి వెళ్ళిరావడమే పెద్దవాళ్ళకి ఒక నడక. పైనా కిందా కూడా క్యాబిన్ డెక్కులే ఉండేలా చూడండి. స్విమ్మింగ్‌పూల్ డెక్కు కింద అయితే తెల్లారకముందే కుర్చీలు జరిపే చప్పుడు.

అలాస్కాలో అమ్మానాన్నలకి బాల్కనీ తీసుకోండి. డబ్బు పొదుపు చేయాలంటే మీరు లోపలి క్యాబిన్ తీసుకోండి. వాళ్ళు పొద్దున్నే లేచి కాఫీ కప్పుతో తలుపు తెరిస్తే కొండలు కనిపించాలి. కరీబియన్ ట్రిప్ అయితే ఇంత గట్టిగా చెప్పను.

బాత్‌రూమ్ చిన్నది, చాలా షిప్పుల్లో గుమ్మం దగ్గర మెట్టులా ఎత్తు ఉంటుంది. వాకర్, వీల్‌చైర్ వాడేవాళ్ళకి ప్రత్యేకంగా కట్టిన యాక్సెసిబుల్ క్యాబిన్లు ఉంటాయి. తక్కువ సంఖ్యలో ఉంటాయి కాబట్టి ముందే అడగాలి. వీల్‌చైర్ మీదే తెచ్చుకోవాలి. షిప్ వాళ్ళ దగ్గరున్నవి మామూలుగా ఎక్కడానికి, దిగడానికే ఇస్తారు.

శాకాహారులకి తిండి దొరుకుతుందా?

దొరుకుతుంది. పెద్ద కంపెనీల్లో వంటవాళ్ళు, వడ్డించేవాళ్ళలో భారతీయులు చాలామంది. బుక్ చేసినప్పుడే ఇండియన్ వెజిటేరియన్ అని రాయించండి, మొదటి రాత్రి మెయిన్ డైనింగ్ రూమ్‌లో హెడ్ వెయిటర్‌తో మాట్లాడండి. మర్నాటి నుంచి పప్పు, కూర, అన్నం, చపాతీ ముందురోజు చెప్తే చేసి పెట్టడం చాలా షిప్పుల్లో మామూలు విషయం. ఉల్లి, వెల్లుల్లి తినని వాళ్ళున్నా అప్పుడే చెప్పండి. ఉత్తరాది రుచి వస్తుంది, మన పులుసు, చారు ఆశించకండి. బఫేలో పెరుగు, పండ్లు, అన్నం దాదాపు ఎప్పుడూ ఉంటాయి.

రోజూ అదే టేబుల్, అదే వెయిటర్ ఉండేలా సాయంత్రం తొందరగా మొదలయ్యే డిన్నర్ సిట్టింగ్ తీసుకుంటే పెద్దవాళ్ళకి హాయి. మూడో రోజుకి ఆ వెయిటరే "ఆంటీ, మజ్జిగ తెప్పించనా" అని అడిగే చనువు వస్తుంది.

ఆవకాయ, పొడులు, రైస్ కుక్కర్ పట్టుకెళ్ళొచ్చా?

రైస్ కుక్కర్, ఎలక్ట్రిక్ కెటిల్, ఇస్త్రీపెట్టె కుదరవు. వేడిచేసే పరికరాలు నిప్పు ప్రమాదం కింద లెక్క. స్కానింగ్‌లో తీసేసి చివరి రోజు ఇస్తారు. ఇంట్లో వండిన పదార్థాలకీ చాలా కంపెనీలు అనుమతించవు. కాబట్టి ఇంటి పులిహోర వద్దు. షాపులో కొన్న, సీలు తీయని కారప్పొడి, పచ్చడి, జంతికల ప్యాకెట్లకి సాధారణంగా ఇబ్బంది ఉండదు. షిప్ నుంచి రేవులోకి పండ్లు, తిండి తీసుకెళ్ళకూడదు. బఫేలో అరటిపండు తీసుకుని సంచిలో వేసుకునే అలవాటు మన పెద్దవాళ్ళకి ఉంటుంది, ముందే చెప్పి ఉంచండి.

సముద్రంలో వాంతులు, తలతిప్పడం వస్తే?

పెద్ద షిప్పుల్లో చాలామందికి ఏమీ కాదు. ముందుజాగ్రత్తగా మెక్లిజైన్ మాత్రలు వాడతారు. కానీ గ్లాకోమా, ప్రోస్టేట్ సమస్య ఉన్న పెద్దవాళ్ళు డాక్టర్‌ని అడగకుండా వేసుకోకూడదు. అల్లం, డెక్ మీద చల్లగాలి, దూరంగా ఆకాశం, సముద్రం కలిసే అంచు వైపు చూడటం చాలామందికి పనిచేస్తాయి.

బీపీ, షుగర్ మందులన్నీ చేతిసంచిలోనే ఉండాలి. రేవులో అప్పగించిన పెట్టె క్యాబిన్‌కి వచ్చేసరికి సాయంత్రం అయిపోవచ్చు. నాలుగైదు రోజుల మందులు అదనంగా పెట్టండి.

విజిటర్ ఇన్సూరెన్స్ ఉందిగా, వేరే తీసుకోవాలా?

ఆ పాలసీ తెరిచి చూడండి. అమెరికా బయట, నడిసముద్రంలో వర్తిస్తుందా? షిప్ నుంచి ఆసుపత్రికి తరలిస్తే ఖర్చు ఇస్తుందా? పాత జబ్బులకి వర్తిస్తుందా? ఈ మూడింటికీ అవునన్న జవాబు లేకపోతే క్రూజ్‌కి విడిగా తీసుకోండి. షిప్‌లో డాక్టరు, చిన్న ఆసుపత్రి ఉంటాయి. బిల్లు మాత్రం నేరుగా మీ క్యాబిన్ ఖాతాలో పడుతుంది. హెలికాప్టర్‌లో తరలించే పరిస్థితి వస్తే అది వేల డాలర్ల లెక్క. ఇక్కడ పొదుపు చూడకండి.

రేవుల్లో ఏం చూడాలి? కంపెనీ టూరా, బయటి టూరా?

రోజుకి ఒక్క టూరు చాలు. జూనోలో మెండెన్‌హాల్ గ్లేసియర్‌కి బస్సులో వెళ్ళొచ్చు, చూసే చోటు దాకా నడక తేలిక. అక్కడే తిమింగలాల పడవ టూర్లు ఉంటాయి. చిన్న పడవ కాబట్టి ఎక్కి దిగడానికి పెద్దవాళ్ళకి ఓపిక ఉందో లేదో చూసుకోండి. స్కాగ్‌వేలో వైట్ పాస్ రైలు నా దృష్టిలో పెద్దవాళ్ళకి అన్నిటికన్నా మంచిది. 1898 నాటి బంగారు వేట రోజుల్లో కట్టడం మొదలుపెట్టిన నారోగేజ్ లైను, కూర్చున్న సీటు నుంచే లోయలు, జలపాతాలు చూస్తూ దాదాపు 2,900 అడుగులు ఎక్కుతుంది. కొన్ని ట్రిప్పులు కెనడాలోకి దాటుతాయి, వాటికి పాస్‌పోర్టు, వీసా చేతిలో ఉండాలి. కెచికన్‌లో ఊరంతా రేవు పక్కనే. క్రీక్ స్ట్రీట్ చెక్కదారి మీద మెల్లగా నడిచి రావచ్చు. ఏడాదికి 140 అంగుళాల పైచిలుకు వాన పడే ఊరు, రెయిన్‌కోటు లేకుండా దిగొద్దు.

బయటి టూర్లు చవక. కానీ కంపెనీ టూరు ఆలస్యమైతే షిప్ ఆగుతుంది, లేదా తర్వాతి రేవుకి చేర్చే బాధ్యత వాళ్ళది. బయటి టూరుకి ఆ భరోసా లేదు. రేవు పక్కనే తిరిగే చోట బయటిది, దూరం వెళ్ళే చోట కంపెనీది తీసుకోండి.

ఇంకొకటి, అలాస్కా సమయం సియాటిల్ కన్నా గంట వెనక. ఫోన్ ఒక టైము, షిప్ ఒక టైము చూపించే అవకాశం ఉంది. పెద్దవాళ్ళ చేతికి మామూలు గడియారం పెట్టి షిప్ టైముకి సరిచేయండి.

షిప్ తప్పిపోతే తర్వాతి రేవులో ఎక్కొచ్చా?

సియాటిల్‌లోనే తప్పిపోతే కెచికన్‌లో ఎక్కనివ్వకపోవచ్చు. పైన చెప్పిన 1886 చట్టమే కారణం. ఒక అమెరికా రేవులో ఎక్కి మరో అమెరికా రేవులో దిగడం, మధ్యలో విక్టోరియాలో ఆగినా, దాని కింద చిక్కు. అందుకే విమానంలో ముందురోజే చేరుకోండి. జూనోలో తప్పిపోతే ఇంకా కష్టం, ఆ ఊరికి బయటి నుంచి రోడ్డే లేదు. విమానం, లేదా ఫెర్రీ.

కెనడా వీసాకి టైము లేదు. వేరే దారి ఉందా?

ఉంది. హ్యూస్టన్, డాలస్ వాళ్ళకి గాల్వెస్టన్ రేవు ఉంది. అక్కడి నుంచి కోజుమెల్ లాంటి మెక్సికో రేవులకి వెళ్ళే షిప్పులుంటాయి. గడువున్న అమెరికా వీసా ఉంటే భారతీయులకి మెక్సికో వీసా అక్కర్లేదు. లాస్ ఏంజెలెస్ నుంచి ఎన్సెనాడా కూడా ఇదే పద్ధతి. రూట్‌లో ఇతర దేశాలుంటే ఒక్కోదాని నిబంధన విడిగా చూడాలి. జూన్ 1 నుంచి నవంబర్ 30 వరకు గాల్వెస్టన్, కరీబియన్ వైపు హరికేన్ల కాలం, రూటు మారే అవకాశం ఉంటుంది. గ్రాండ్ కేమన్ లాంటి చోట షిప్ ఒడ్డుకి చేరదు, చిన్న టెండర్ బోటులోకి దిగాలి. నడక కష్టమైన వాళ్ళకి అది ఇబ్బంది.

గర్భిణులు, పసిపిల్లలు?

ప్రయాణం ముగిసేలోపు 24 వారాలు నిండితే చాలా కంపెనీలు ఎక్కనివ్వవు. పిల్లలకి సాధారణంగా ఆరు నెలలు నిండాలి.

ఫోన్, బట్టలు?

షిప్ ఎక్కగానే అందరి ఫోన్లూ ఎయిర్‌ప్లేన్ మోడ్‌లో పెట్టండి, లేకపోతే సముద్రంలో నెట్‌వర్క్ బిల్లు భారీగా వస్తుంది. ఇండియా నంబర్లు మరీ జాగ్రత్త. బట్టలు పొరలు పొరలుగా వేసుకునేలా ఉండాలి, పైన వాన ఆగే జాకెట్, పట్టున్న బూట్లు. అందరూ ముస్తాబై భోజనానికి వచ్చే ఫార్మల్ నైట్‌కి పట్టుచీర, పంచె నిరభ్యంతరంగా కట్టుకోవచ్చు.

దిగే రోజు తిరుగు విమానం ఎన్ని గంటలకి పెట్టుకోవాలి?

మధ్యాహ్నం 12 తర్వాత. షిప్ పొద్దున్నే రేవు చేరినా ఇమిగ్రేషన్, లగేజీ, క్యాబ్ వరస ఉంటాయి. ముందురాత్రే పెట్టెలు తలుపు బయట పెట్టమంటారు. మర్నాటి మందులు, పాస్‌పోర్టులు, అమ్మానాన్నల స్వెట్టర్లు, పొద్దున వేసుకునే బట్టలు ఆ పెట్టెల్లో పోకుండా ముందే తీసి పక్కన పెట్టుకోండి.